హాడో మిట్ట: నడిచి చూచిన చరిత్ర

విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కిన ప్రయాణికుడు బంగాళాఖాతం మీద రెండు మూడు దినాలు గడిపి, అండమాన్ దీవులలో మొట్టమొదట కాలు మోపే చోటు హాడో రేవు. కలకత్తా నుండి, చెన్నపట్టణం నుండి వచ్చే ప్రయాణికుల ఓడలు కూడ ఇక్కడనే ఒడ్డుకు చేరుతవి. అయినను ఈ పేరు ఎరిగిన తెలుగువారు తక్కువ. అండమాన్ అనగానే మనకు స్ఫురించేది సెల్యులర్ జైలు. ఓడ దిగినవారు బండి ఎక్కి అబర్డీన్ బజారుకో, ఆ జైలు చూడడానికో సాగిపోతారు. హాడో వారికి ఒక గడప మాత్రమే. గడప మీద నిలువరాదని మన పెద్దలు అంటారు. నేను మాత్రం ఆ మాట మీరి, ఆ గడప మీదనే ఒక ఉదయమంతా నిలిచినాను. తరువాత కాలినడకన ఆ పేట అంతా తిరిగినాను. అప్పుడు చూచినవాటిని, చూచినవాటి వెనుక ఉన్న చరిత్రను ఇక్కడ చెప్పదలచినాను.

దక్షిణ అండమాన్ తూర్పు తీరాన సముద్రం లోపలికి చొచ్చుకొనివచ్చి ఒక విశాలమైన సహజ నౌకాశ్రయాన్ని ఏర్పరచినది. ఆ నౌకాశ్రయంలోనికి దక్షిణం నుండి చాచిన చేయివలె ఉన్న మిట్ట నేల మీద పోర్ట్‌బ్లెయిర్ పట్టణం పెరిగినది. ఆ చేతికి ఒక ప్రక్క ఫీనిక్స్ బే, మరొక ప్రక్క హాడో, జంగ్లీఘాట్. చేతి కొనన చాథం అనే చిన్న దీవి. 2024 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం ఈ పట్టణానికి శ్రీవిజయపురమని పేరు మార్చినది. పట్టణం పేరు మారినదిగాని పేటల పేర్లు మారలేదు. హాడో హాడోగానే ఉన్నది, అబర్డీన్ అబర్డీన్‌గానే ఉన్నది. ఈ రెండు పేర్లు స్కాట్లండు దేశానివి. అక్కడి అబర్డీన్ ప్రభువుల వంశభవనం పేరు హాడో. ఆ వంశపు జ్యేష్ఠకుమారుని బిరుదు కూడ అదే. ఆ వంశంలో నాల్గవ ప్రభువు 1852 నుండి 1855 వరకు బ్రిటిషు ప్రధానమంత్రిగా ఉన్నాడు. స్కాట్లండులో పక్కపక్కన వినిపించే ఆ రెండు పేర్లు వేలమైళ్ల ఇవతల, చలి అన్నమాట ఎరుగని ఈ దీవిలో కూడ పక్కపక్కననే వినిపించడం ఒక వింత. ఇక్కడ రిక్షావాడు, చేపల బుట్ట ఎత్తుకున్న అమ్మ, బడిపిల్లవాడు ఆ పేర్లను తమ ఇంటిపేర్లంత చనువుగా పలుకుతారు. ఆ ప్రభువుల సంగతి వారికి అక్కరలేదు.

రేవు నుండి పైకి పోయే బాట ఏటవాలుగా ఉంటుంది. కొంత దూరం పోయేసరికి రేవులోని గోల, ఇనుప గొలుసుల రాపిడి, కూలీల కేకలు క్రిందనే నిలిచిపోతవి. చెట్ల నీడ దట్టమవుతుంది. ప్రక్కల కార్యాలయాలు, అధికారుల నివాసాలు, కావలివాళ్లు ఉన్న గేట్లు కనిపిస్తవి. అండమాన్ అటవీశాఖ ప్రధాన కార్యాలయమైన వనసదనం ఇక్కడనే ఉన్నది. భారత వృక్షశాస్త్ర సర్వే, భారత జంతుశాస్త్ర సర్వే ఈ దీవులకు నెలకొల్పిన ప్రాంతీయ కేంద్రాలు హాడోలోనే ఉన్నవి. సైనిక, నౌకా, విమాన దళాలు మూడింటిని ఒక్క సేనాధిపతి క్రింద చేర్చి 2001లో ఏర్పరచిన అండమాన్ నికోబార్ కమాండుకు కూడ ప్రధాన కేంద్రం ఈ పేటయే. ప్రభుత్వ అతిథులు దిగే సర్క్యూట్ హౌసు, పర్యాటకుల విడిది హాడో మిట్ట మీద ఉన్నవి. కనుక నేటి హాడో పెద్దల పేట అనడంలో అతిశయోక్తి లేదు. గాలి, వెలుతురు, ఎత్తు, ఏకాంతం, క్రింద నౌకాశ్రయం అంతా చేతిలో పెట్టినట్లు కనిపించే చూపు: ఈ అయిదు ఉన్నచోట పెద్దలు చేరడం లోకసహజం.

అయితే ఎత్తు విషయం ఈ పట్టణంలో మొదటి నుండి వచ్చినదే. ఇక్కడి పల్లపు నేలలు ఒకప్పుడు మడ అడవులతో, ఉప్పుబురదతో నిండి ఉండేవి. ఆ బురదల ప్రక్కన ఉన్నవారిని మలేరియా పట్టి పీడించేది. అందువల్ల దొరలు సముద్రపుగాలి తగిలే మిట్టలను, దీవులను తమకు ఉంచుకొన్నారు. బురదలను పూడ్చి పొలాలుగా మార్చే పని ఖైదీల పాలబడినది. ఆ కాలపు పెద్దల పేట అంటే హాడో కాదు. నౌకాశ్రయం ముఖద్వారాన ఉన్న రాస్ దీవి. చీఫ్ కమిషనరు భవనం, చర్చి, నృత్యశాల, టెన్నిసు ఆటస్థలం, రొట్టెల కార్ఖానా అన్నీ అర చదరపు మైలైనా లేని ఆ దీవిలో ఇమిడినవి. 1941 జూన్ 26వ తేదీ భూకంపం ఆ వైభవాన్ని కదిలించినది. మరుసటి ఏడు మార్చి 23న జపాను సైన్యం దిగి మిగిలినదానిని ముగించినది. నేడు అక్కడి గోడలను మర్రి, రావి వేళ్లు పెనవేసుకొని ఉన్నవి. 2018లో దానికి నేతాజీ సుభాస్ చంద్రబోస్ దీవి అని పేరు పెట్టినారు. రాస్ శిథిలాలను చూడడానికి జనం గుంపులుగా పోతారు. ఆ కాలంలో హాడో ఎట్లుండెనో అడిగేవారు మాత్రం అరుదు.

ఆ కాలపు హాడో పెద్దల పేట కాదు, దిక్కులేనివారి పేట. శిక్షావలసలో ఇది ఒక ఖైదీల మకాము. ఇక్కడ బారకులు ఉండేవి, ఖైదీల ఆసుపత్రి ఉండేది, పిచ్చాసుపత్రి ఉండేది, అండమాన్ ఆదివాసుల కోసం సర్కారు నడిపిన 'అండమాన్ హోం' ఉండేది. రోగి, మతి చెడినవాడు, తన నేల మీదనే పరాయివాడైనవాడు, ఈ ముగ్గురినీ దొరతనం తెచ్చి చేర్చిన చోటు ఇది. నేను నడిచిన దారి పొడవునా చక్కని బోర్డులు ఎన్నో కనిపించినవి. ఈ మూడింటిలో ఒక్కదాని గుర్తు చెప్పే పలక మాత్రం నా కంటబడలేదు.

పిచ్చాసుపత్రి పేరు తలచగానే ఉల్లాస్‌కర్ దత్తు జ్ఞాపకం రాక మానడు. 1908 నాటి అలీపూర్ బాంబు కేసులో బారీంద్రకుమార ఘోషుతోపాటు ఇతనికి కూడ మొదట ఉరిశిక్ష పడినది. అప్పీలులో అది యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మారినది. ఉల్లాసమే పేరుగా గల ఆ యువకుడు సెల్యులర్ జైలులో గానుగ త్రిప్పినాడు. ఇటుకబట్టీలలో ఎండకు మాడినాడు. పని చేయనని ఎదురు తిరిగినందుకు చేతులు కట్టి వ్రేలాడదీయగా జ్వరం వచ్చి మతి భ్రమించినది. 1912లో అతనిని హాడో పిచ్చాసుపత్రికి మార్చినారు. మరుసటి ఏడు మద్రాసు ఆసుపత్రికి పంపినారు. 1920లో విడుదలైనాడు. సెల్యులర్ జైలు మిత్రుల జ్ఞాపకాలలో అతని కథ నిలిచినది. కాని అదే ఆసుపత్రిలో ఏ పత్రికా తలవని, ఏ మిత్రుడూ వ్రాయని సామాన్య ఖైదీలు ఎందరు ఉన్నారో! వారిలో ఏ గోదావరి మన్యపువాడైనా ఉండి, తన కలవరింతను తెలుగులో పలికితే, దానిని అర్థం చేసుకొన్న వైద్యుడు ఉన్నాడా? ఈ ప్రశ్న నన్ను ఆ మిట్ట మీద చాలసేపు నిలిపివేసినది.

ఇక అండమాన్ హోం కథ మరింత దీర్ఘమైనది, మరింత బాధాకరమైనది. 1858లో ఆంగ్లేయులు వచ్చేనాటికి మహా అండమానీయులని నేడు మనం పిలిచే జాతిలో పది తెగలు ఉండేవి. ఆ తెగలన్నింటిలోను కలిపి జనం అయిదువేలకు తక్కువ ఉండరని అంచనా. పోర్ట్‌బ్లెయిర్ నౌకాశ్రయం చుట్టూ ఉన్న నేల 'అకా-బియా' భాష మాట్లాడే తెగది. తమ నేలను ఆక్రమించినవారిపై వారు విల్లంబులతో తిరుగబడినారు. 1859 మే నెలలో అబర్డీన్ వద్ద జరిగిన పోరు ఆ తిరుగుబాటులో ప్రసిద్ధమైనది. దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ పారిపోయి వారి నడుమ ఒక సంవత్సరం పైగా బ్రతికినాడు. వారు ముట్టడికి వస్తున్నారన్న వార్తను తిరిగివచ్చి దొరలకు చెప్పినాడు, ఆ సేవకు క్షమాభిక్ష పొందినాడు. తుపాకుల ముందు విల్లు నిలువలేదు.

తుపాకి చేసినదానికన్న మంచిమాట చేసిన హాని ఎక్కువ అయినది. ఆదివాసులను మచ్చిక చేయడానికి 1863లో హెన్రీ కార్బిన్ అనే మతాచార్యుడు రాస్ దీవిలో ఒక హోం పెట్టినాడు. తరువాత ఇటువంటివి ఇతరచోట్ల వెలసినవి. వాటిలో హాడోలోనిది ముఖ్యమైనది. దాని నియమాలు పైకి చాల ఉదారమైనవి. ఏ అండమానీయుడైనా రావచ్చును, ఇష్టమున్నంతకాలం ఉండవచ్చును, ఇష్టం వచ్చినప్పుడు పోవచ్చును. తిండి, ఇల్లు, వైద్యం ఉచితం. బదులుగా పారిపోయిన ఖైదీలను అడవిలో వెదకి పట్టియివ్వడం, పక్షిగూళ్లు, సముద్రపు సరకులు సేకరించడం వంటి పనులు వారివలన తీసుకొనేవారు. కాని ఆ నాలుగు గోడల మధ్య, ఖైదీల సాంగత్యంలో, వారు ఎన్నడూ ఎరుగని రోగాలు వారికి సోకినవి. సుఖరోగం వ్యాపించినది, 1877లో తట్టు వచ్చి అనేకులను పొట్టన పెట్టుకొన్నది. హోములలో పుట్టిన శిశువులు బ్రతికి బట్టకట్టడం అరుదైనది. హోముకు వచ్చినవాడు తిరిగి అడవికి పోతే రోగం కూడ వానితో అడవికి పోయేది. 1901 జనాభా లెక్కలలో మహా అండమానీయులు 625 మంది. 1931 నాటికి 90 మంది. 1961లో 19 మంది. వేలలో ఉన్న ఒక జాతి వంద సంవత్సరాలలో ఒక పందిరి క్రింద కూర్చుండగలిగినంత చిన్నదైపోయినది.

సాహిత్యజీవులమైన మనకు ఇందులో ఆలోచింపదగిన మరొక విషయం ఉన్నది. ఈ హోముల పెత్తనం చేసిన ఇద్దరు అధికారులు ఆ భాషలను శ్రద్ధగా వ్రాసిపెట్టినారు. 1875 నుండి 1879 వరకు అధికారిగా ఉన్న ఎడ్వర్డ్ హొరేస్ మాన్ అకా-బియా భాషకు నిఘంటువు కూర్చినాడు. అది ఆయన చివరి సంవత్సరాలలో, 1923లో, గ్రంథరూపంలో వెలువడినది. 1879లో వచ్చిన మారిస్ విడాల్ పోర్ట్‌మన్ 1887లో అండమాన్ భాషల వాచకాన్ని, 1899లో రెండు సంపుటాల చరిత్రను ప్రకటించినాడు. తన పోషణలో ఉన్నవారిని నలుపు తెలుపు గళ్ల తెర ముందు నిలిపి, అంగాంగాన్ని కొలిచినట్లు ఛాయాచిత్రాలు కూడ తీసినాడు. బయటివారి సాంగత్యం ఆ జాతికి హానినే తెచ్చినదని చివరకు ఆయనే బహిరంగంగా ఒప్పుకొన్నాడు. మాన్ నిఘంటువు అచ్చు పూర్తి అయ్యేనాటికి ఆ మాటలను మాతృభాషగా పలికే నోళ్లు దాదాపు మూతబడినవి. ఒక జాతి భాష ఆ జాతిని మచ్చిక చేయవచ్చినవాని పుస్తకంలో తప్ప మరెక్కడా మిగలలేదు. నిఘంటువు ఉండగా భాష బ్రతికినట్లే అని మనలో కొందరికి ఒక భ్రమ. ఆ భ్రమను పోగొట్టుకొనదలచినవారు హాడో మిట్టకు రావలెను.

ఆ భాషల నిర్మాణం కూడ అద్భుతమైనది. వాటిలో మాటలు ఊరక ఉండవు. శరీరంలోని ఏదో ఒక భాగాన్ని పట్టుకొని ఉంటవి. నోటికి సంబంధించినదానికి ఒక ఉపసర్గ, చేతికి సంబంధించినదానికి మరొకటి, లోపలి అవయవాలకు మరొకటి. తెగల పేర్లకు ముందు వినిపించే 'అకా' అనేది నోటిని, నోట పుట్టే భాషను చెప్పేది. అంటే తమ జాతికి వారు పెట్టుకొన్న పేరులోనే నోరు ఉన్నది. నోరు మూతబడితే పేరుకు అర్థమే లేదు. మిగిలినవారిని 1970 ప్రాంతంలో స్ట్రెయిట్ దీవికి చేర్చినారు. వారి భాషను ఇటీవలి దశాబ్దాలలో అన్వితా అబ్బి అనే భాషాశాస్త్రవేత్త పరిశీలించి వ్యాకరణం, నిఘంటువు వ్రాసినారు. ఆమెకు ఎన్నో మాటలు చెప్పిన బోవా సీనియర్ అనే వృద్ధురాలు 2010 జనవరి 26న మరణించగా 'బో' భాష ఆమెతో ముగిసినది. తన భాషలో మాట్లాడే మనిషి మరొకరు లేక ఆమె పక్షులతో మాట్లాడేదని అబ్బిగారు తెలిపినారు. ఆనాడు ఢిల్లీలో గణతంత్రోత్సవం జరుగుతున్నది.

ఈ తలపులతోనే నేను జంతుశాస్త్ర సర్వేవారి ప్రదర్శనశాలలో కొంతసేపు గడిపినాను. ఈ దీవులలో తప్ప మరెక్కడా కనిపించని పక్షులను, సరీసృపాలను, పగడాలను అక్కడ చక్కగా పేర్చి, పేర్లు వ్రాసి ఉంచినారు. ప్రతి ప్రాణికి ఒక లాటిను పేరు ఉన్నది. ఆ పక్షిని ఈ నేల మీద వేల సంవత్సరాలు పిలిచిన పేరు వేరొకటి ఉండేది గదా! ఆ పేర్లలో ఎన్ని మాన్ నిఘంటువులోనికి ఎక్కినవో, ఎన్ని గాలిలో కలిసినవో. శాస్త్రజ్ఞులను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఉన్నదానిని భద్రపరచేవారు వారే. ప్రాణిని అద్దాల పెట్టెలో ఉంచగలము గాని దాని పేరును పలికే గొంతును ఉంచలేము అని మాత్రం నాకు తోచినది.

మిట్ట దిగి ఉత్తరంగా నడిస్తే చాథం వంతెన వస్తుంది. ఒక బారు నడకలో దానిని దాటవచ్చును. ఈ పట్టణం చరిత్ర మొదలైనది ఈ చిన్న దీవిలోనే. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నావికాధికారి ఇక్కడ మొదటి ఆంగ్లవలసను నెలకొల్పినాడు. 1792లో దానిని ఉత్తర అండమాన్‌కు తరలించినారు. అక్కడ రోగాలకు తాళలేక 1796లో మూసివేసినారు. తిరిగి అరువది సంవత్సరాల తరువాత, 1857 విప్లవం అణగిన పిమ్మట, 1858 మార్చి 10న డాక్టరు జేమ్స్ పాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడనే దిగినాడు. చాథంలో మంచినీరు చాలక మకాము రాస్ దీవికి మారినది. వాకర్ వైద్యుడే గాని అతని చేతివాసి ఖైదీలకు యమపాశమైనది: పారిపోయి పట్టుబడిన ఎనభైమందికి పైగా ఖైదీలను అతడు ఆ మొదటి నెలలలోనే ఉరితీయించినాడు.

నేడు చాథం అంటే రంపపుమిల్లు. 1883లో స్థాపించిన ఈ మిల్లు ఆసియాలో మిక్కిలి పాతవానిలో ఒకటి. లోపల అడుగు పెట్టగానే తాజాగా కోసిన కర్రవాసన ముక్కుకు తగులుతుంది. ఇక్కడ ప్రసిద్ధమైన కలప పడౌక్. ఎర్రగా, బరువుగా, చక్కని చారలతో ఉంటుంది. మన కడప, చిత్తూరు అడవులలోని ఎర్రచందనానికి, మనవారు మద్దెలలకు వాడే వేగిస చెట్టుకు ఇది దగ్గరి చుట్టం; వృక్షశాస్త్రం ఈ మూడింటిని ఒకే ప్రజాతిలో చేర్చినది. మిల్లు ఆవరణలో ఒకచోట పెద్ద గొయ్యి ఉన్నది. 1942లో జపాను విమానాలు వేసిన బాంబుకు పడిన గొయ్యి అది. దాని చుట్టూ కంచె కట్టి పలక పెట్టినారు. బాంబు చేసిన గొయ్యికి పలక ఉన్నది. మిట్ట మీద తట్టు, సుఖరోగం చేసిన గొయ్యికి లేదు. మనం గుర్తుపెట్టుకొనేది పెద్ద చప్పుడు చేసినవానినే.

చాథం ఒడ్డున నిలిచి నీటికి ఆవల చూస్తే పచ్చని కొండ, దాని పాదాన హోప్‌టౌన్ కనిపిస్తవి. 1872 ఫిబ్రవరి 8వ తేదీ సాయంకాలం, కొండ మీద సూర్యాస్తమయం చూచి దిగివస్తున్న వైస్రాయి మేయో ప్రభువును షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ ఆ రేవులోనే పొడిచి చంపినాడు. ఒక అధికారి భార్య పేర హారియట్ అని పిలువబడిన ఆ కొండకు 2021లో మణిపూర్ కొండ అని పేరు మార్చినారు. 1891 యుద్ధంలో ఓడిన మణిపూర్ యువరాజులను, వీరులను అక్కడ నిర్బంధించినందుకు అది స్మారకం. ఈ విధంగా అండమాన్ చరిత్రలో బెంగాలుకు, పంజాబుకు, మణిపూరుకు తమ తమ స్మృతులు నిలిచినవి. మరి మన స్మృతి ఏది?

మనవారు ఇక్కడికి రాకపోలేదు. 1857 జూలై 17న హైదరాబాదులో రెసిడెన్సీ మీద దాడి నడిపిన తుర్రేబాజ్‌ఖాన్‌ను కాల్చిచంపినారు. ఆ దాడిలో అతనితోపాటు నిలిచిన మౌల్వీ అల్లాఉద్దీను అండమాన్‌కు ప్రవాసమై ఇక్కడనే కన్నుమూసినాడు. 1879-80 నాటి రంపతిరుగుబాటులో శిక్షపడిన మన్యంవారిలో కొందరు నల్లనీళ్లు దాటినారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొరకు పడిన ఉరిశిక్ష ద్వీపాంతరశిక్షగా మారినది. అండమాన్‌లో సంవత్సరాల తరబడి గడిపి 1937లో విడుదలైన ఆ మన్యపువీరుడు 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి సెల్యులర్ జైలులో ఉన్నాడు. రాజకీయ ఖైదీల పేర్లయినా మనకు ఈ మాత్రం మిగిలినవి. మద్రాసు రాజధాని జిల్లాల నుండి దొంగతనమో, హత్యయో, కరవునాటి దోపిడియో నేరంగా వచ్చి, శిక్ష తీరి, ఇక్కడనే పెండ్లాడి, ఇక్కడనే మట్టిలో కలిసిన తెలుగువారు వేరు. వారి పిల్లలు హిందూస్థానీ మాట్లాడి 'లోకల్ బార్న్' అనే క్రొత్తజాతిలో కలిసినారు. ఏ కులం, ఏ ఊరు, ఏ భాష అని అడుగని సమాజం అది. అందులో ఒక గొప్పతనం ఉన్నది. ఆ గొప్పతనం కోసం వారు తమ అమ్మభాషను మూల్యంగా చెల్లించినారన్నది కూడ నిజమే.

సాయంకాలానికి జంగ్లీఘాట్ వైపు నడిచినాను. ఆ పేరులోని 'జంగ్లీ' ఆనాటి ఖైదీల నోట, దొరల లెక్కలలో ఆదివాసికి పెట్టిన పేరు. ఆ నేల ఎవరిదో వారి స్వంతభాషలోని పేరు పోయి, ఇతరులు పెట్టిన ఈ ఈసడింపు పేరు మాత్రం ఘాట్‌కు మిగిలినది. ఇప్పుడు అక్కడ రేవంతా తెలుగే. స్వాతంత్ర్యం తరువాత శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వచ్చి స్థిరపడిన మత్స్యకారులు వల ఆరవేసుకొంటూ, చేపల ధర తేల్చుకొంటూ, కళింగాంధ్రపు యాసలో ఒకరినొకరు పిలుచుకొంటుంటే, భీమునిపట్నం ఒడ్డున ఉన్నానా అనిపించినది. "మీదే ఊరు బాబూ?" అని ఒక ముసలాయన నన్ను అడిగినాడు. చెప్పినాను. "మాది ఈ ఊరే. మా అయ్యది కళింగపట్నం దగ్గిర," అన్నాడు. మనుమడు ప్రక్కనే నిలిచి మా మాటలు వింటున్నాడు. ముసలాయన తెలుగులో ఏదో పని చెప్పగా వాడు హిందీలో బదులు చెప్పి పరుగెత్తినాడు. ముసలాయన నవ్వినాడు. ఆ నవ్వులో ఫిర్యాదు లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలోని 3,80,581 మందిలో నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత స్థానం తెలుగుదే. అకా-బియాకు పట్టిన గతి తెలుగుకు పట్టుతుందని చెప్పడం అసంబద్ధం. సముద్రానికి ఈవల కోట్ల నోళ్లు ఉన్నవి, వేయి సంవత్సరాల గ్రంథరాశి ఉన్నది. నేను చెప్పదలచినది అది కాదు. ఒక భాష అంతా పోవడం ఒక నష్టం. ఒక భాషలోని ఒక బ్రతుకు ఎక్కడా వ్రాయబడకుండ పోవడం మరొక నష్టం. మొదటి నష్టానికి హాడో మిట్ట సాక్షి. రెండవ నష్టం ఆ మిట్ట క్రింద, మన కళ్ల ముందే జరుగుతున్నది. అండమాన్ మత్స్యకారుని తెలుగు శ్రీకాకుళపు తెలుగు కాదు. అందులో బెంగాలీ చేపల పేర్లు, హిందూస్థానీ క్రియలు, నికోబారు దీవుల పేర్లు, 2004 డిసెంబరు 26 నాటి ఉప్పెన జ్ఞాపకాలు కలిసిపోయినవి. రంగూను వెళ్లినవాని తెలుగు, దక్షిణాఫ్రికాకు, మారిషస్‌కు వెళ్లినవాని తెలుగు మన కథలలోనికి ఎంత ఆలస్యంగా, ఎంత కొద్దిగా వచ్చినవో మనకు తెలుసు. ఇది కూడ ఆ దారిలోనే ఉన్నది.

మాన్, పోర్ట్‌మన్ వ్రాసిన పుస్తకాలను నేను నిందించలేను. అవే లేకపోతే ఆ భాష ఉండేదన్న సంగతి కూడ మనకు తెలియకపోయేది. కాని వారు వ్రాసినది ఇతరుల భాషను, ఇతరుల కోసం. జంగ్లీఘాట్ ముసలాయన భాష మనది. దానిని వినడానికి నిఘంటుకారుడు రానక్కరలేదు. ఓడ దిగి, బండి ఎక్కకుండ, నాలుగడుగులు నడిచే కథకుడు ఒకడు చాలును.

తిరిగి హాడో రేవుకు వచ్చేసరికి చీకటి పడినది. మిట్ట మీది బంగళాలలో దీపాలు వెలిగినవి. క్రింద విశాఖ వెళ్లే ఓడకు సామాను ఎక్కిస్తున్నారు. వరుసలో నిలిచినవారిలో సగంమంది తెలుగువారు; ఊరికి కబురు చెప్పేవారు, ఊరి నుండి తేవలసిన ఆవకాయ లెక్క చెప్పేవారు, పిల్లకు పెండ్లిసంబంధం చూడమనేవారు. నూరేండ్ల క్రింద ఈ నౌకాశ్రయంలో సంకెళ్లతో దిగిన మన్యపువాడు తిరిగిపోయే ఓడ ఎక్కుతానని కలలోనైనా అనుకొన్నాడో లేదో. ఇప్పుడు టిక్కెట్టు కొన్నవాడు ఎక్కవచ్చును. ఆ వరుస కదిలేదాక వారి మాటలు వింటూ అక్కడనే నిలిచినాను.